విదేశాల్లో ఇంగ్లీషు పంతుళ్లు - ఆ ఏళ్లు ఏ లెక్కలోకి?

బద్వేలు: ఈ ప్రాంతంలో విదేశం అనగానే మొదట నోటికి వచ్చే పేరు కువైట్. డ్రైవర్లుగా, వంటవాళ్లుగా, ఇంటి పనివాళ్లుగా వెళ్లినవారు ఊరూరా ఉన్నారు. వానను నమ్మి శనక్కాయ వేసే మెట్ట సేద్యంలో పెట్టుబడి కూడా తిరిగిరాక విమానం ఎక్కినవారే వీరిలో ఎక్కువ. వాళ్లు పంపిన డబ్బుతో చదువుకున్న పిల్లలు ఇప్పుడు డిగ్రీ, బి.ఇడి. పూర్తి చేసి ఉన్నారు. వారిలో కొందరిని ఒక ఆలోచన పట్టుకుంది. తండ్రి స్టీరింగు పట్టుకోవడానికి వెళ్లిన దేశానికి కూతురు ఇంగ్లీషు పాఠం చెప్పడానికి వెళ్లవచ్చా? రెండు మూడేళ్లు అక్కడ చెప్పి, నాలుగు రాళ్లు వెనకేసుకుని, ఆ తర్వాత డీఎస్సీ రాయాలా, ఎం.ఏ. చదవాలా, అక్కడే ఉండిపోవాలా?

ఆలోచన కొత్తగా కనిపిస్తుంది గానీ దారి పాతదే. మన దేశపు పంతుళ్లు 70 ఏళ్ల కిందటే ఈ దారి పట్టారు. అప్పట్లో వాళ్లు వెళ్లింది గల్ఫ్‌కు కాదు, ఆఫ్రికాకు.

చక్రవర్తి పిలిచిన పంతుళ్లు

ఇథియోపియాను 1936 నుంచి 1941 వరకు ఇటలీ ఆక్రమించుకుంది. ఆ అయిదేళ్లలో అక్కడ చదువుకున్న యువకులు ఎందరో హతమయ్యారు. తిరిగి గద్దెనెక్కిన హైలే సెలాసీ చక్రవర్తి బడులు తెరిస్తే పాఠం చెప్పేవారు లేరు. హైస్కూలు మొదలు చదువంతా ఇంగ్లీషులో ఉండాలని నిర్ణయించారు. ఇంగ్లీషులో చెప్పగలవారు, తక్కువ జీతానికి వచ్చేవారు, మారుమూల ఊళ్లో ఉండటానికి వెనుకాడనివారు కావాలి. ఈ మూడూ కుదిరింది భారతీయుల దగ్గరే. 1950, 60 దశకాల్లో వేల సంఖ్యలో మనవాళ్లు వెళ్లారు. వారిలో కేరళవారు ఎక్కువ, మిగతా దక్షిణాది రాష్ట్రాలవారూ ఉన్నారు. అక్కడ ఒక తరం తమ మొదటి ఇంగ్లీషు వాక్యాన్ని భారతీయ పంతులు నోటే విన్నది.

టెఫ్ అనే గింజ మన కొర్రల కంటే కూడా చిన్నది. ఆ పిండిని పులియబెట్టి పెద్ద అట్టులా పోస్తారు. దాని పేరు ఇంజెరా. పుల్లట్టు తిని పెరిగినవారికి అది మరీ కొత్త తిండి కాదు. రాజధాని అడిస్ అబాబా సుమారు 2,400 మీటర్ల ఎత్తున ఉంటుంది గనుక ఆఫ్రికా అని ఎండకు భయపడి వెళ్లినవారు చలికి దుప్పట్లు వెతుక్కోవాల్సి వచ్చేది.

1974లో సైన్యం చక్రవర్తిని దించేసింది. తర్వాతి గొడవల్లో మన పంతుళ్లు చాలామంది మూటాముల్లె సర్దుకున్నారు. అయితే కథ అక్కడితో ఆగలేదు. 2000 తర్వాత ఇథియోపియా పదుల సంఖ్యలో కొత్త విశ్వవిద్యాలయాలు తెరిచింది. మళ్లీ భారతీయులనే పిలిచింది. ఈసారి వెళ్లిన ఆచార్యుల్లో తెలుగువారు చెప్పుకోదగినంత మంది. ఇంగ్లీషు చెప్పినవారే కాదు, ఇంగ్లీషులో అర్థశాస్త్రం, ఇంజనీరింగు చెప్పినవారూ ఉన్నారు. అటునుంచి ఇథియోపియా విద్యార్థులు పరిశోధన కోసం విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి రావడం మామూలైంది.

ఆ తర్వాత 2020 నవంబరులో ఆ దేశపు ఉత్తరాన టిగ్రేలో యుద్ధం మొదలై రెండేళ్లు సాగింది. 2024 జులైలో అక్కడి ప్రభుత్వం తన నాణెం బిర్ విలువను మార్కెట్‌కు వదిలేసింది. డాలరుతో చూస్తే అది కొద్ది నెలల్లోనే సగానికి పైగా పడిపోయింది. బిర్‌లలో జీతం తీసుకున్నవారికి నెల మొత్తం చేసిన పని ఇంటికి చేరేసరికి అరనెల పని అయింది.

నైజీరియాలో ఇదే ఇంతకుముందు జరిగింది. 1970 దశకంలో చమురు ధర పెరిగి ఆ దేశం చేతిలో డబ్బు ఆడింది. 1976లో పిల్లలందరికీ ప్రాథమిక విద్య పథకం పెట్టారు. హైస్కూళ్లకు భారతీయ పంతుళ్లను తీసుకున్నారు. 1980 ప్రాంతంలో ఒక నైరా ఒకటిన్నర డాలరుకు పైనే పలికేది. చమురు ధర దిగింది, విదేశీ మారకానికి కటకట వచ్చింది, 1986లో నైరాను వదిలేస్తే కుప్పకూలింది. అక్కడ దాచుకుని తర్వాత పంపుదామనుకున్నవారి దాపుడు అక్కడే కరిగింది. అందుకే జీతం ఎంత అని అడగడానికి ముందు ఏ నాణెంలో ఇస్తారు, అందులో ఎంత ఇంటికి పంపనిస్తారు అని అడగాలి. కువైట్ దినార్‌కు అలవాటుపడిన బద్వేలు ఇళ్లకు ఈ ప్రశ్న తట్టదు. దినార్ గట్టి నాణెం. అన్ని దేశాలవీ అలా ఉండవు.

ఇంగ్లీషు వస్తే చాలదు

టీవీల్లో, ఫోన్లలో కనిపించే ప్రకటనలు చూస్తే ఇంగ్లీషు మాట్లాడగలవారికి ప్రపంచమంతా తలుపులు తెరిచే ఉన్నట్టు ఉంటుంది. అసలు సంగతి వేరు. ఇంగ్లీషు పంతులు కొలువులో పుట్టిన దేశం కూడా ఒక అర్హతే. దక్షిణ కొరియా ఇంగ్లీషు సంభాషణ బోధకులకు ఇచ్చే వీసా మామూలుగా ఏడు దేశాలవారికే. అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. 2010 జనవరి 1న అమలులోకి వచ్చిన భారత్-కొరియా ఆర్థిక ఒప్పందం ఇందులో మనకు చిన్న సందు ఇచ్చింది. ఇంగ్లీషు డిగ్రీ, ఉపాధ్యాయ అర్హత ఉన్న భారతీయులు బడుల్లో సహాయ బోధకులుగా చేరవచ్చు. సందు ఉందన్న మాటే గానీ అది రహదారి కాలేదు. చైనా కూడా మాతృభాష ఇంగ్లీషు అయినవారినే కోరుతుంది. హైదరాబాదులో పుట్టి కాన్వెంటులో చదివి ఇంగ్లీషులోనే కలలు కనే పిల్లకైనా ఆ షరతు అడ్డమే.

ఇంకా వింత ఇంగ్లండుది. 2023 ఫిబ్రవరిలో ఆ దేశం భారత ఉపాధ్యాయుల అర్హతలను గుర్తించి నేరుగా బోధనా హోదా ఇచ్చే పద్ధతి మొదలుపెట్టింది. అయితే అది లెక్కలు, సైన్సు, విదేశీ భాషలు చెప్పేవారికే. ఇంగ్లీషు చెప్పేవారికి కాదు. బద్వేలు లెక్కల టీచరుకు ఇంగ్లండులో తలుపు ఉంది, ఇంగ్లీషు టీచరుకు లేదు.

మరి మనవాళ్లకు నిజంగా తెరిచి ఉన్నవి ఏవి? మొదటిది మాల్దీవులు. తిరువనంతపురం నుంచి గంటన్నర లోపే విమాన ప్రయాణం. దాదాపు 1,200 దీవుల్లో జనం ఉండేవి 200 లోపే. బడి చదువు ఇంగ్లీషులో, పరీక్షలు కేంబ్రిడ్జి పద్ధతిలో. అక్కడి బడుల్లో పనిచేసే విదేశీ ఉపాధ్యాయుల్లో అత్యధికులు భారతీయులే. అంతా బాగానే ఉంటుంది గానీ దీవి చాలా చిన్నది. ఒక వైపు నుంచి మరో వైపుకు నడిస్తే ఊరు అయిపోతుంది. కూరగాయలు పడవ వస్తే వచ్చినట్టు. ఇస్లాం ఆ దేశపు మతం, ఇతర మతాలవారు పూజలు బహిరంగంగా చేసుకోకూడదు. జీతం రుఫియాల్లో ఇస్తారు. డాలర్ల కొరత వచ్చినప్పుడు నెలకు ఇంటికి పంపే మొత్తానికి బ్యాంకులు పరిమితి పెడతాయి. నైజీరియా సంగతి ఇక్కడ గుర్తుకు రావాలి.

రెండోది గల్ఫ్‌లోని భారతీయ బడులు. కువైట్‌లో సీబీఎస్ఈ సిలబస్ చెప్పే బడులు చాలా ఉన్నాయి. బి.ఇడి. అడుగుతారు. ఇక్కడి ప్రైవేటు బడి జీతంతో పోలిస్తే నయమే, గానీ అక్కడి అద్దె తీసేస్తే మిగిలేది అనుకున్నంత కాదు. భర్త వీసా మీద అక్కడ ఉండి బడిలో చేరే మహిళలకు నేరుగా నియమించుకున్నవారి కంటే తక్కువ ఇవ్వడం కూడా ఉంది. ఇంట్లో ఇప్పటికే ఒకరు అక్కడ ఉన్న కుటుంబాలకు ఇది కలిసొచ్చే దారి. ఎవరూ లేనివారు అద్దె, తిండి, రానుపోను టిక్కెట్టు ఎవరు భరిస్తారో రాతలో చూడనిదే అడుగు వేయరాదు.

థాయ్‌లాండ్‌కు కూడా భారతీయులు వెళుతున్నారు. డిగ్రీ, ఇంగ్లీషు పరీక్షలో మార్కులు, ఆ దేశపు ఉపాధ్యాయ మండలి అనుమతి, పని అనుమతి కావాలి. విహారయాత్ర వీసా మీద వెళ్లి బడిలో చెప్పడం అక్కడ నేరం. ఏజెంటు "ముందు వెళ్లండి, వీసా తర్వాత మారుస్తాం" అన్నాడంటే ఆ మాట దగ్గరే లేచి రావడం మేలు.

డీఎస్సీ ఆగదు, మనకోసం రాదు

ఇక్కడే అసలు చిక్కు. వెళ్లడానికి అర్హత ఉంది, దేశమూ దొరికింది. ఆ మూడేళ్లు తిరిగొచ్చాక ఏ లెక్కలోకి వస్తాయి?

డీఎస్సీ లెక్కలోకి రావు. ఆ ఎంపికలో రాత పరీక్షకు 80 శాతం, టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ. అనుభవానికి సున్నా. అడిస్ అబాబాలో పదేళ్లు చెప్పినా పక్క ఊరి బడిలో పది రోజులు చెప్పినా ఒకటే.

రాష్ట్రంలో 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ నియామకాలు జరిగింది 2025లో. ఆ ఏడాది ఏప్రిల్ 20న 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది. జూన్ మొదటి వారంలో పరీక్షలు మొదలయ్యాయి. అంటే ఏడేళ్లు ఎదురుచూసినవారికి దొరికిన గడువు నెలన్నర. 2018లో 27 ఏళ్లున్నవారికి 2025 నాటికి 34. ఆ ఏడేళ్లూ అవనిగడ్డలోనో కడపలోనో కోచింగులో కూర్చున్నవారు ఉన్నారు. ప్రైవేటు బడిలో చాలీచాలని జీతానికి పనిచేసినవారు ఉన్నారు. బోధన వదిలేసి కువైట్‌లో వేరే పనికి వెళ్లినవారూ ఉన్నారు. ఏడేళ్లు ఇంట్లో కూర్చోవడం కంటే అందులో నాలుగేళ్లు మాల్దీవుల్లో పాఠం చెప్పి రావడం ఏ విధంగా చూసినా తక్కువ కాదు. అయితే నోటిఫికేషన్ వచ్చిన రోజున మనిషి ఎక్కడ ఉన్నాడన్నది ముఖ్యం. విద్యా సంవత్సరం మధ్యలో కాంట్రాక్టు తెంపుకుని వస్తే టిక్కెట్టు సొంతం, ఒక్కోసారి జరిమానా. నెలన్నరలో సెలవు అడిగి, విమానం పట్టి, సిలబస్ తిరగేయడం సామాన్యం కాదు. ఏడాదికోసారి నోటిఫికేషన్ ఇస్తామని ప్రభుత్వాలు చెబుతూనే ఉంటాయి. ఏడాదికోసారి వస్తే వెళ్లినవారికీ ఉన్నవారికీ ఇంత బాధ ఉండదు.

వెళ్లేవారికి ధైర్యమిచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి. టెట్ సర్టిఫికెట్ ఇదివరకు ఏడేళ్లకే చెల్లేది, 2021లో దాన్ని జీవితకాలం చేశారు. కాబట్టి విమానం ఎక్కక ముందే టెట్ మంచి మార్కులతో పాసై ఉంటే ఆ 20 శాతం ఎక్కడికీ పోదు. జిల్లాకు స్థానికులా కాదా అన్నది నాలుగు నుంచి పది దాకా ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి చూస్తారు గనుక విదేశంలో ఉన్నంత మాత్రాన స్థానికత పోదు. 2025లో గరిష్ఠ వయసు 44 ఏళ్లు పెట్టారు, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు మరో అయిదేళ్లు సడలించారు. ఇరవైలలో వెళ్లి ముప్పై దాటగానే వచ్చినా వయసు అడ్డం రాదు.

కళాశాల అధ్యాపకులు కావాలనుకునేవారి లెక్క మాత్రం ఇంకాస్త బిగుతు. ఎం.ఏ. ఇంగ్లీషు చేసి నెట్ పాసైతే ఆ అర్హత ఎప్పటికీ ఉంటుంది. కానీ పరిశోధనకు నెలనెలా డబ్బిచ్చే జేఆర్ఎఫ్‌కు వయసు 30 దాటకూడదు. మహిళలకు, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు అయిదేళ్ల సడలింపు ఉంది. 26 ఏళ్లకు విదేశం వెళ్లి నాలుగేళ్లకు తిరిగొచ్చిన పురుష అభ్యర్థి ఓసీ అయితే ఆ గడప దాటేసినట్టే. పరిశోధన మీద మనసున్నవారు ముందు నెట్ రాసి, ఆ తర్వాత విమానం సంగతి చూడటం మంచిది. విదేశంలో పై చదువు ఆలోచన ఉన్నవారు మరో తేదీ గుర్తుంచుకోవాలి. ఐఈఎల్‌టీఎస్ మార్కులు రెండేళ్లే చెల్లుతాయి. ఊరికే ఉంటుందని ఇప్పుడే రాసి పెట్టుకుంటే దరఖాస్తు నాటికి అది చిత్తు కాగితం.

అక్కడ ఉంటూనే చదువుకోవడం కూడా ఉంది. సాయంత్రాలు ఖాళీగా ఉండే దీవిలో చదువుకు దొరికినంత తీరిక ఇంటిదగ్గర దొరకదు. హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం 1958లో కేంద్రీయ ఇంగ్లీషు సంస్థగా మొదలైంది. ఇంగ్లీషు ఎలా చెప్పాలో పంతుళ్లకు నేర్పడమే దాని పుట్టుపని. ఉపాధ్యాయుల కోసం దూరవిద్యలో కోర్సులు నడుపుతుంది. ఆఫ్రికా, ఆసియా దేశాల నుంచి ఉద్యోగులు ఇంగ్లీషు నేర్చుకోవడానికి అక్కడికి వస్తారు కూడా. సెల్టా అనే కేంబ్రిడ్జి కోర్సు వేరు. 120 గంటల శిక్షణ, అందులో ఆరు గంటలు నిజమైన విద్యార్థుల ముందు నిలబడి చెప్పాలి. విదేశాల్లోని భాషా సంస్థల్లో దానికి విలువ ఉంది. ఫోన్లో చూసి ఇంట్లోనే పూర్తి చేసే చవక సర్టిఫికెట్లకు ఆ విలువ లేదు. రెండింటికీ మన డీఎస్సీలో విలువ లేదు. బి.ఇడి. స్థానంలో అవి పనికిరావు. ఇక్కడ ఏది చెల్లుతుంది, అక్కడ ఏది చెల్లుతుంది అన్నది వేరువేరుగా రాసుకుంటేనే తేలుతుంది.

పరదేశంలో గడిపిన ఏళ్లను వృథా కానివ్వనివాడు కడపకు బాగా తెలిసినవాడే ఒకడున్నాడు. దారి మాత్రం తిరగబడ్డది. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన సి.పి. బ్రౌన్ కొలువు చేస్తూనే తెలుగు నేర్చాడు, వేమనను అచ్చు వేయించాడు, నిఘంటువు కట్టాడు. ఇంగ్లండుకు తిరిగి వెళ్లాక లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడయ్యాడు. కడపలో ఆయన బంగళా ఉన్నచోట ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం నడుస్తోంది.

తండ్రికున్న కాపు కూతురికి లేదు

మోసం సంగతి విడిగా చెప్పాలి. పదో తరగతి పాస్ కానివారు కువైట్ వంటి దేశాలకు పనికి వెళ్లాలంటే వలసల సంరక్షకాధికారి అనుమతి కావాలి. ఆ సందర్భంలో కాంట్రాక్టు ఒకసారి ప్రభుత్వం కంట పడుతుంది. పది పాసైనవారికి ఆ అనుమతి అవసరం లేదు. చదువుకున్నవాళ్లు, తమ సంగతి తాము చూసుకుంటారని ఆ నిబంధన ఉద్దేశం. ఫలితం ఏమిటంటే డ్రైవరుగా వెళ్లే తండ్రి కాగితాలను చూసే కన్ను టీచరుగా వెళ్లే కూతురి కాగితాలను చూడదు. ఆమె కాంట్రాక్టును ఆమే చదువుకోవాలి.

విదేశాంగ శాఖ దగ్గర నమోదైన ఏజెంట్ల జాబితా ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. నమోదైన ఏజెంటు తీసుకోదగిన రుసుము 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షలు అడిగేవాడు చట్టం ప్రకారం అడగడం లేదు. రసీదు ఇవ్వనివాడు అసలు ఏజెంటే కాకపోవచ్చు.

ఇంగ్లీషు వచ్చిన యువతీయువకులను వలవేసే మరో దందా ఈమధ్య బయటపడింది. కంప్యూటరు పని, మంచి జీతం అని చెప్పి కంబోడియాకు తీసుకెళ్లి, గదుల్లో పెట్టి ఫోన్లలో జనాన్ని మోసం చేయించేవారు. 2024లో విశాఖ పోలీసులు ఇలాంటి ముఠాను పట్టుకున్నారు, చిక్కుకున్న మనవాళ్లను వెనక్కి రప్పించారు. బి.ఇడి. అడగని, బడి పేరు చెప్పని, వారంలో బయలుదేరమనే బోధన ఉద్యోగం ఏదైనా ఈ కోవలో ఉండవచ్చని అనుమానించడంలో తప్పు లేదు.

కాగితాల పని నెలల తరబడి పడుతుంది. డిగ్రీ, బి.ఇడి. పట్టాలకు ముందు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ ముద్ర పడాలి. కువైట్‌కైతే ఆ దేశపు ఎంబసీ ముద్ర కూడా కావాలి. పట్టా మీద పేరు, పదో తరగతి మెమోలో పేరు, పాస్‌పోర్టులో పేరు ఒకటిగా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఒకచోట పొడి అక్షరంగా ఉండటం మన దగ్గర మామూలు. అది సరిచేయించుకోవడానికి పట్టే కాలం వీసాకు పట్టే కాలం కంటే ఎక్కువ.

తిరిగివచ్చే ముందు బడి నుంచి తీసుకోవాల్సిన కాగితం ఒకటే, సర్వీసు సర్టిఫికెట్. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ తరగతులకు, ఏ పాఠం చెప్పారో అందులో ఉండాలి. డీఎస్సీకి అక్కరలేకపోయినా ఇక్కడి పెద్ద ప్రైవేటు బడులు, మరో దేశపు బడులు మొదట అడిగేది అదే. విమానం ఎక్కాక ఫోన్ చేసి తెప్పించుకోవడం కష్టం. ఇథియోపియా నుంచి వచ్చేవారు మరొకటి చూసుకోవాలి. ఆ దేశపు పంచాంగం మన ఇంగ్లీషు క్యాలెండరు కంటే ఏడెనిమిదేళ్లు వెనక నడుస్తుంది, సంవత్సరానికి 13 నెలలు. అక్కడి 2010 అంటే ఇక్కడి 2017-18. సర్టిఫికెట్‌పై స్థానిక తేదీ పక్కనే ఇంగ్లీషు తేదీ కూడా వేయించుకోకపోతే, ఇంకా డిగ్రీ చదువుతున్న రోజుల్లోనే పరదేశంలో పాఠాలు చెప్పినట్టు కాగితం పలుకుతుంది.